టోపీ ఊడిన షాట్

గుర్రాలు మూడే ఉన్నాయి. కథలో మాత్రం దొంగల దండు దుమ్ము రేపుకుంటూ ఊరి మీద పడాలి. అందుకని పొద్దున తెల్లగా ఉన్న గుర్రానికి మధ్యాహ్నం మసి పూసేవాళ్ళు. సాయంత్రం దాని నుదుటి మీద సున్నంతో ఓ మచ్చ పెట్టి మళ్ళీ పరిగెత్తించేవాళ్ళు. మనుషుల సంగతీ అంతే. పొద్దున గడ్డంతో చచ్చినవాడు మధ్యాహ్నం మీసాలతో చచ్చేవాడు. ఊరు ఊరంతా పాడుబడ్డ రాళ్ళ క్వారీలో నిలబెట్టిన ప్లైవుడ్ గోడలు. ఎదురుగా నిలబడి చూస్తే సారా కొట్టు, బ్యాంకు, జైలు. వెనక్కి వెళ్తే కర్రల ఊతాలు, వాటి మీద ఆరేసిన చొక్కాలు, జైలు గోడకి వీపు ఆనించి టీ కాస్తూ కూర్చున్న వంటతను.

అది కౌబాయ్ సినిమా. చేతిలో చిల్లిగవ్వ లేని కంపెనీ కౌబాయ్ సినిమా ఎలా తీస్తుందో అలాగే తీశారు. ఒక తుపాకీవీరుడు ఉంటాడు. వాడి తమ్ముణ్ణి ఆ ఊరి పెద్దమనిషి చంపించి, చూసినవాళ్ళందరి నోళ్ళూ మూయిస్తాడు. వీరుడు న్యాయం కోసం వస్తాడు. వచ్చిన దగ్గర్నుంచి గుర్రం దిగుతూ న్యాయం అంటాడు, గ్లాసు ఎత్తుతూ న్యాయం అంటాడు, తుపాకీ తుడుచుకుంటూ న్యాయం అంటాడు. వినీ వినీ చెవులు దిమ్మెక్కిన సెట్లో జనం ఆ హీరోకి న్యాయంగారు అని పేరు పెట్టేశారు. న్యాయంగారు ఇంకా నిద్ర లేవలేదు. న్యాయంగారికి ఎండ పడదట. న్యాయంగారి కాఫీలో ఈగ పడిందట, ఈ పూటకి షూటింగు లేనట్టే.

న్యాయంగారికి గుర్రం ఎక్కడం రాదు. దిగడం అంతకన్నా రాదు. అప్పుడే దిగినట్టు మొహం పెట్టడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ఆ మొహానికి ముందూ వెనకా జరగాల్సిందంతా ఆయనకి డూపు వేసే పిల్లి పని. గుర్రం మీంచి పడటం, మెట్ల మీంచి దొర్లడం, అద్దం పగలగొట్టుకుని బయటికి దూకడం. ఎక్కణ్ణుంచి పడేసినా దుమ్ము దులుపుకుని లేస్తాడని ఎప్పుడో ఎవరో పిల్లి అన్నారు, అదే స్థిరపడిపోయింది. సొంత పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినబడదు. నడివయసు దాటుతోంది. కుడి మోకాలు అరిగి చాలాకాలమైంది. ఆ సంగతి పొక్కితే పని పోతుందని సెట్లో అడుగు పెట్టగానే కుంటడం మానేసేవాడు, ఇంటి గడప దాటి లోపలికి రాగానే మొదలుపెట్టేవాడు. మా ఆయన కుంటుతున్నాడంటే ఇల్లు చేరినట్టే లెక్క అని భార్య నవ్వేది.

ఇంట్లో ఆ ఇద్దరూ కాక పిల్లి తమ్ముడు. తల్లిదండ్రులు పోయేనాటికి వాడికి జారిపోయే నిక్కరు పట్టుకోవడం కూడా రాదు. పిల్లే పెంచాడు. వదిన వచ్చాక మిగతా సగం ఆవిడ పెంచింది. పెరిగి పెరిగి వాడు సరిగ్గా అన్న కొలతల దగ్గర ఆగాడు. అవే భుజాలు, అదే నడుం. అన్న చొక్కా వేసుకుని వీధి చివర నిలబడితే, వెనకనుంచి చూసి ఏవండీ అని పిలిచి ఆవిడ నాలిక్కరుచుకున్న రోజులున్నాయి.

వాడికి చదువు మీద మనసు లేదు. ఉన్న మనసంతా అన్న పని మీదే. పిల్లి ముందు తిట్టాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత గత్యంతరం లేక నేర్పాడు. ఇంటి వెనక పిట్టగోడ, దాని కింద పాత పరుపులు. పిల్లి ఓ స్టూలు వేసుకుని కూర్చుని, నేను కెమెరాని, పడు అనేవాడు. వాడు పడేవాడు. పడేటప్పుడు ముక్కు కొస కనబడినా సరే, పిల్లి కాలి చెప్పు ఎగిరి వెళ్ళి వాడి వీపుకి తగిలేది.

"కాలు విరిగితే కట్టు కడతారు. మొహం కనబడితే ఇంకోసారి పిలవరు. కెమెరా ఎటుందో ఆ వైపు నీకసలు మొహం లేదనుకో."

వాడు నేర్చుకున్నాడు. అన్న ఎలా పడతాడో అచ్చు గుద్దినట్టు అలాగే. ముందు ఎడమ చెయ్యి మొహం మీదికి వస్తుంది, ఆ తర్వాతే ఒళ్ళు మెలి తిరుగుతుంది. నిద్రలో మంచం మీంచి జారినా చెయ్యి మొహం మీదికే పోయేది. వదిన కడుపు పట్టుకుని నవ్వేది.

ఆ రోజు తీయాల్సింది సారా కొట్టు మేడ షాట్. వీరుడు పైన రెయిలింగు విరగ్గొట్టుకుని కింద గడ్డిబండిలో పడాలి. ముందు రోజు గుర్రంతో చేసిన పనికి పిల్లి మోకాలు కుండలా వాచింది. ప్యాంటు ఎక్కలేదు. రాలేనంటే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. తమ్ముడికేమో ఫైటర్ల యూనియన్లో ఇంకా పేరు ఎక్కలేదు, పేరు లేనివాడు సెట్లో పడకూడదు. పిల్లి మేనేజర్ని పక్కకి పిలిచి సంగతి చెప్పాడు. మేనేజరు అన్నదమ్ములిద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఎవడు పడితే ఏంటయ్యా. మొహం కనబడదుగా" అన్నాడు.

హాజరు పిలిచారు. పిల్లి పేరు వచ్చింది. పిల్లి పలికాడు. తర్వాత గోడ వెనక వీరుడి కోటు తమ్ముడికి తొడిగి, టోపీ పెట్టి, దాని దారం గడ్డం కింద తనే ముడేసి, మేడ మీద నిలబెట్టి వచ్చాడు. కెమెరా జైలు పక్కన ఉంది. అటు వెళ్తే తను కుంటడం డైరెక్టరు కంట పడుతుందని, పిల్లి దానికి అవతలి వైపు బ్యాంకు స్తంభం చాటున నిలబడ్డాడు.

బండిలో గడ్డి పొద్దున తనే చూసుకున్నాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి మరీ చూశాడు. మెత్తగా, మందంగా ఉంది. కానీ మధ్యాహ్నం భోజనాల వేళకి గుర్రాల మేత రాలేదు. ఆ కంపెనీలో ఏదీ వేళకి రాదు. విప్పి వదిలిన మూడు గుర్రాలూ బండి చుట్టూ చేరి తీరిగ్గా మేశాయి. తర్వాత ఎవరో చూసి, కెమెరాకి బోసిగా కనబడుతుందని పైన పల్చగా నాలుగు పరకలు పరిచారు. మళ్ళీ చెయ్యి పెట్టి చూడాల్సింది పిల్లి. చూడలేదు. అందరి ఎదుటా బండి దాకా నడవాలి కాబట్టి చూడలేదు.

రెయిలింగు విరిగింది. తమ్ముడు గాల్లోకి వచ్చాడు. సగం దూరంలో దారం తెగి టోపీ ఊడిపోయింది. ఎండలో వాడి మొహం మొత్తం పిల్లికి కనబడింది. నుదురు, కళ్ళు, పళ్ళ కింద నొక్కిపట్టిన పెదవి. ఆ తర్వాత చప్పుడు. అది గడ్డి మీద పడ్డ చప్పుడు కాదు. చెక్క మీద పడ్డ చప్పుడు.

డైరెక్టరు ఓకే అన్నాడు.

వెన్ను నడుం దగ్గర దెబ్బతింది. కాళ్ళు కదల్లేదు. పెద్దాసుపత్రి వాళ్ళు చూడాల్సింది చూసి, చెప్పాల్సింది చెప్పి ఇంటికి పంపేశారు. మిగిలిన దారి ఒక్కటే, యూనియన్ ఆసుపత్రి. వెన్ను విరిగిన ఫైటర్లని అక్కడ కూర్చోబెట్టారు, ఒకరిద్దర్ని కర్ర సాయంతో నడిపించారు కూడా. కానీ యూనియన్లో పేరున్నా లేకపోయినా, అక్కడ మంచం షూటింగులో దెబ్బ తిన్నవాళ్ళకే ఇస్తారు. మా సెట్లో పడ్డాడు అని కంపెనీ ఒక్క మాట చెప్పాలి. అంతే కావాల్సింది. ఒక్క మాట.

పిల్లి మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మేనేజరు కుర్చీ కూడా చూపించలేదు.

"ఆ రోజు పడింది నువ్వు. హాజరు పలికింది నువ్వు. నువ్వేమో నిక్షేపంలా నా ఎదురుగా నిలబడి ఉన్నావు. మీ వాడు ఏ గోడ దూకబోయి పడ్డాడో నాకేం తెలుసు?"

పిల్లి వంగి కాళ్ళు పట్టుకున్నాడు. మోకాలు సహకరించక నేల మీద చతికిలబడి మరీ పట్టుకున్నాడు. మేనేజరు కాళ్ళు లాక్కుని, ఫ్యాను వెయ్యమని ఎవరితోనో చెప్పాడు.

చూసినవాళ్ళు సెట్టు నిండా ఉన్నారు. చెప్పేవాళ్ళే లేరు. ఫైట్ మాస్టర్ కాసేపు ఆకాశం వైపు, కాసేపు బూట్ల వైపు చూసి, తర్వాతి సినిమా కూడా వీళ్ళదే కదరా అని నీళ్ళు నమిలాడు. గుర్రాలతను ఒక్కడే పిల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మేసింది నా గుర్రాలే, ఆ పాపం నాదే, కానీ నన్ను నలుగురిలో నిలబెట్టి చెప్పమనకు, ఈ మూడూ పోతే నేనే గడ్డి తినాలి అన్నాడు. పిల్లి వాణ్ణే ఓదార్చి రావలసి వచ్చింది.

చివరికి యూనియన్ పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. ఆయనా ఒకప్పుడు పడినవాడే, పడీ పడీ నడుం వంగిపోయినవాడు. అంతా విన్నాడు. నమ్మాడు కూడా. కానీ తను నమ్మడం వేరు, కమిటీ చేత నమ్మించడం వేరు అన్నాడు. అప్పుడు పిల్లి టోపీ సంగతి చెప్పాడు. గాల్లో ఉండగానే ఊడిపోయిందని, మొహం అద్దంలో చూసినంత స్పష్టంగా కనబడిందని, తన రెండు కళ్ళతో చూశానని. పెద్దాయన నిటారుగా కూర్చున్నాడు.

"అయితే సినిమా రానీ. తెర మీద వాడి మొహం కనబడిందా, మేనేజరు కాదు కదా వాడి తాత దిగొచ్చినా కాదనలేడు. మంచం నేను దగ్గరుండి ఇప్పిస్తా."

ఇక అప్పట్నుంచి పిల్లికి లోకంలో కావాల్సింది ఒక్కటే. ఆ సినిమా పూర్తవ్వాలి. అది చూస్తే రేపో మాపో ఆగిపోయేలా ఉంది. ఒకరోజు కెమెరా రాదు, ఒకరోజు న్యాయంగారు రారు. తన తమ్ముణ్ణి మంచాన పడేసిన కంపెనీ కోసం పిల్లి పనివాళ్ళందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక వెళ్ళేవాడు. గుర్రాలకి మసి పూశాడు. గాలికి బ్యాంకు గోడ ఊగుతుంటే షాట్ అయ్యేదాకా వెనకనుంచి వీపుతో ఎత్తిపట్టి నిలబడ్డాడు. న్యాయంగారికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని వెంట తిరిగాడు. శవాలు తక్కువైతే శవమై పడుకున్నాడు. వాచిన మోకాలితోనే గుర్రం మీంచి పడ్డాడు. కంపెనీ మీద ఇంత ప్రేమ ఉన్నవాణ్ణి ఎక్కడా చూడలేదని మేనేజరే ముక్కున వేలేసుకున్నాడు. సిగ్గూ శరం లేదు, సొంత తమ్ముడి గతి చూసి కూడా వాళ్ళకే ఊడిగం చేస్తున్నాడు అని టీ దగ్గర మిగతావాళ్ళు వినబడేలా అనేవాళ్ళు. పిల్లి గ్లాసు తీసుకుని గోడ వెనక్కి వెళ్ళి తాగేవాడు. ఎవరికీ చెప్పుకోలేడు. ఎందుకో చెబితే ఆ షాట్‌కి కత్తెర పడుతుంది.

ఎడిటింగు గది దగ్గరికి కూడా ఒకసారి వెళ్ళాడు. తలుపు దగ్గరే నిలబడి, అయ్యా, ఏది తీసేసినా ఆ మేడ మీంచి పడే ముక్క మాత్రం తీసెయ్యకండి అని దణ్ణం పెట్టాడు. ఎడిటర్ పకపకా నవ్వాడు. నీ పడటం మీద నీకంత మోజేంటయ్యా, సినిమా మొత్తంలో బాగున్నది అదొక్కటే, నేనెందుకు తీస్తాను అన్నాడు. ఒకసారి చూపించమని అడగడానికి పిల్లికి నోరు రాలేదు. చూస్తే మొహం మారుతుంది, మారితే ఎందుకని అడుగుతారు.

ఇంట్లో తమ్ముడికి ఇవేవీ తెలియవు. కంపెనీ నువ్వెవరో తెలియదు పొమ్మందని వాడికి ఏ నోటితో చెబుతారు? వాడు సినిమాలో పడ్డాడు, అదొక్కటే వాడికి మిగిలింది. అందుకని సినిమా రాగానే కంపెనీ వాళ్ళే మంచం ఇప్పిస్తారని చెప్పి ఊరుకున్నారు. వాడి దిగులు వేరే. ఊడిన టోపీ వాడి గుండెల మీద బండరాయై కూర్చుంది.

"మొహం కనబడి ఉంటుందా అన్నా?" అని అడిగేవాడు.

కనబడే ఉంటుందిరా అనేవాడు పిల్లి. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో తెలియకుండానే ఆశ పొంగేది. తమ్ముడు గోడ వైపు చూసేవాడు. అన్న జాలిపడి చెప్పు విసరడం లేదని వాడి లెక్క.

వీపు ఒరిసి పుళ్ళు పడ్డాయి. అన్నా వదినా కలిసి వాణ్ణి మాటిమాటికీ ఓ పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పేవాళ్ళు. పుండు కడుగుతూ ఆవిడ ఒకసారి ముక్కు ఎగబీల్చింది.

"ఆ సినిమా అయ్యేదాకా ఈ పిల్లాడు ఆగాలి కదండీ" అంది.

సినిమా వచ్చింది. పిల్లి పెద్దాయన్ని వెంటపెట్టుకుని మొదటి ఆటకి వెళ్ళాడు. హాల్లో జనం పల్చగా ఉన్నారు. ఒకాయన చెప్పులు విడిచి, కాళ్ళు ముందు సీటు మీద పెట్టుకుని అప్పుడే గురక తీస్తున్నాడు. నల్లగుర్రం చెమటకి తెల్లగుర్రమైపోతుంటే వెనక వరసలో ఎవరో ఈలేశారు. పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. పిల్లి ముందు సీటు పట్టుకుని కూర్చున్నాడు.

మేడ వచ్చింది. రెయిలింగు విరిగింది. కోటు రెక్కల్లా విప్పుకుంది. టోపీ ఊడింది. ఇదిగో, అని పిల్లి సగం లేచాడు.

ఎడమ చెయ్యి మొహం మీదికి వచ్చింది. ఒళ్ళు మెలి తిరిగింది. తెర మీద కనబడింది ఓ మోచెయ్యి, ఓ చెవి వెనక భాగం, కాలరు మీద జుట్టు. గడ్డి ఎగిరింది. మరుక్షణం దగ్గరగా న్యాయంగారి మొహం, గడ్డిలోంచి లేచి, పెదవి మీది పరకని ఉఫ్ అని ఊదేసి, న్యాయం అంది.

పిల్లి లేచినవాడు లేచినట్టే ఉండిపోయాడు. కెమెరా జైలు పక్కన. తను బ్యాంకు స్తంభం దగ్గర. వెన్ను విరగబోయే క్షణంలో కూడా వాడు మొహాన్ని కెమెరాకి చూపించలేదు. అవతలి వైపు తిప్పేశాడు. అవతలి వైపు ఉన్నది తను. అందుకే తనకి అంత స్పష్టంగా కనబడింది. లోకంలో తనకొక్కడికే కనబడింది.

పెద్దాయన పిల్లిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అది నీ పడటమేరా. ఆ చెయ్యి నీది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నాకు తెలియదా?"

"నేర్పింది నేను పెద్దాయనా. పడింది వాడు."

"మరి ఆ రోజు పేరు పిలిస్తే ఎందుకు పలికావు?"

పెద్దాయన కర్ర వెతుక్కుని లేచాడు. వెళ్ళేముందు పిల్లి భుజం మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. కమిటీకి ఏం చెప్పాలో తనకి తోచడం లేదన్నాడు. అంటే చెప్పడానికి ఏమీ లేదని.

తెర మీద సినిమా నడుస్తూనే ఉంది. ఆఖర్న ఊరి జనం ఒక్కొక్కరే ముందుకొచ్చి, మేం చూశాం, మేం చూశాం అని పెద్దమనిషి వైపు వేలు చూపించారు. అందులో గడ్డం పెట్టుకున్న ఫైట్ మాస్టర్ కూడా ఉన్నాడు. గట్టిగా చెప్పాడు.

పిల్లి ఇంటికి వెళ్ళలేదు. రెండో ఆటకి మళ్ళీ లోపలికి వచ్చాడు. ఈసారి మధ్యలో కూర్చోలేదు. గోడ పక్కన చిట్టచివరి కుర్చీలోకి వెళ్ళాడు. ఆ పక్కనుంచి చూస్తే, మెడ ఇంకాస్త వంచితే, చెయ్యి అవతల ఉన్న మొహం కొంచెమైనా కనబడుతుందేమోనని. షాట్ వచ్చినప్పుడు గోడకి తల ఆనించి వంగి చూశాడు. అదే మోచెయ్యి. అదే చెవి. పాప్‌కార్న్ తింటున్న ఒకాయన వీణ్ణి చూసి రెండు సీట్లు అవతలికి జరిగాడు.

సాయంత్రం ఇల్లు చేరాడు. గడప దాటి లోపలికి వచ్చినా కుంటలేదు. భార్య ఆ నడక చూసింది. వేడినీళ్ళ గిన్నె కింద పొయ్యి ఆర్పేసింది.

తమ్ముడు పొద్దున్నుంచీ ఆ తలుపు వైపే చూస్తూ ఉన్నాడు.

"చూశావా?"

"చూశా."

"ఉంచారా మేడ షాట్?"

ఉంచారని తలూపాడు పిల్లి.

"మొహం?"

పిల్లి మంచం అంచున కూర్చున్నాడు. భార్య గిన్నె పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"కనబడలేదురా. చెవి ఒక్కటే కనబడింది, అదీ వెనకనుంచి."

వాడి మొహం విప్పారింది. మంచాన పడ్డాక ఆ మొహంలో అంత వెలుగు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. వాడు నవ్వాడు, నవ్వుకి వీపు నొప్పెట్టి మూలిగాడు, మళ్ళీ నవ్వాడు.

"టోపీ ఊడినట్టు తెలిసింది అన్నా. వెంటనే నువ్వెక్కడున్నావో చూసుకున్నా. నీ వైపు తిప్పేశా. నువ్వున్న వైపు కెమెరా ఉండదని తెలుసు కదా." కాస్త ఆగి, "అన్నాళ్ళూ స్టూలేసుకుని తిట్టావు. ఇప్పుడు చెప్పు, ఎలా పడ్డాను?" అన్నాడు.

"బాగా పడ్డావురా."

ఆ మాట వాడు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నదే. పిల్లి ఎప్పుడూ అనలేదు. గుమ్మంలో గిన్నె మూత కిందపడి గుండ్రంగా తిరిగి ఆగింది.

మంచం ఎప్పుడిస్తారట అని వాడు అడిగాడు. పిల్లి వినబడనట్టు లేచి, పక్క మార్చే వేళ అయిందన్నాడు. భార్య వచ్చి కాళ్ళ వైపు పట్టుకుంది. పిల్లి భుజాల కింద చేతులు పెట్టాడు. ఇద్దరూ కలిసి ఎత్తి తిప్పుతుంటే, వాడి ఎడమ చెయ్యి తనంతట తనే లేచి మొహం మీదికి వచ్చింది. పిల్లి ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు. అది మళ్ళీ వచ్చింది.